కోచ్‌ల గుంపులో నేనెక్కడ?

ప్రశ్న: పదిహేనేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి మానేశాను. 60 గంటల కోచింగ్ ట్రైనింగ్ పూర్తయింది (ట్యూషన్ కాదు, ప్రశ్నలడిగి ఎదుటివాళ్లే తమ దారి వెతుక్కునేలా చేసే కోచింగ్), ఐసీఎఫ్ (ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్) వాళ్ల మొదటి స్థాయి సర్టిఫికెట్ ఏసీసీ తెచ్చుకోవాలని ఉంది. కానీ కోచ్‌ల ఆన్‌లైన్ మీటింగులకి వెళ్తే పిలవని పెళ్లికి వెళ్లినట్టు ఉంటోంది. అందరూ గడగడా ఇంగ్లిష్, పేరు పక్కన పీసీసీ, ఎంసీసీ అనే పై స్థాయి సర్టిఫికెట్లు. నేను మనసులో తెలుగులో కూడబలుక్కునేలోపు టాపిక్ మారిపోతుంది. ఇంట్లోవాళ్లేమో కోచింగ్ అంటే “ఏ సబ్జెక్టు చెప్తావు?” అంటారు. లక్షన్నర కట్టి పై లెవెల్ కోర్సులో చేరితే కాన్ఫిడెన్స్ వస్తుందని ఆ గ్రూపులో ఒకావిడ అంటున్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడే చేరకండి. ముందు ఆవిడకి ఆ కోర్సుతో ఏమైనా సంబంధం ఉందేమో కనుక్కోండి, ఎందుకంటే ఈ రంగంలో క్లయింట్ల కంటే కొత్త కోచ్‌ల దగ్గరే ఎక్కువ సంపాదించేవాళ్లు ఉన్నారు.

ఏసీసీకి కావాల్సిన చదువు 60 గంటలు, అది మీకు ఉంది (ఆ ట్రైనింగ్‌కి ఐసీఎఫ్ గుర్తింపు ఉందో లేదో బ్రోషర్‌లో కాకుండా ఐసీఎఫ్ సొంత జాబితాలో చూసుకోండి). మీకు లేనిది ప్రాక్టీసు. 100 గంటలు చేయాలి, అందులో 75 ఫీజు తీసుకుని చేసినవి, కనీసం 8 మంది క్లయింట్లు. పైన 10 గంటల మెంటర్ కోచింగ్ (అనుభవమున్న కోచ్ మీ సెషన్లు విని సరిదిద్దడం), అదీ మూడు నెలలకు తగ్గకుండా, చివర పరీక్ష. హెచ్‌ఆర్‌లో ఎంతమందిని కూర్చోబెట్టి మాట్లాడినా అవి లెక్కలోకి రావు, ట్రైనింగ్ మొదలయ్యాక చేసినవే లెక్క. ఆ లక్షన్నర కోర్సు ఈ వందలో ఒక్క గంట కూడా తగ్గించదు. పీసీసీకి 125 గంటల చదువు, 500 గంటల కోచింగ్ కావాలి, కాబట్టి ఎప్పటికైనా పనికొస్తుందేమో, అప్పటి సంగతి అప్పుడు.

ఇక పరాయిగా అనిపించడం. అందరికీ అలాగే ఉంటుందని ఓదార్చను. కొందరికి అక్కడ నిజంగానే హాయిగా ఉంటుంది. ఐసీఎఫ్ 1995లో థామస్ లెనార్డ్ అనే ఆయన అమెరికాలో మొదలుపెట్టిన సంస్థ, ఆ “హోల్డింగ్ స్పేస్” (ఎదుటివాళ్లు మనసు విప్పేదాకా తొందరపెట్టకుండా తోడుండడం) లాంటి మాటలన్నీ ఇంగ్లిష్‌లో పుట్టి ఇంగ్లిష్‌లోనే తిరుగుతున్నాయి, చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో పెరిగినవాళ్లకి, కార్పొరేట్‌లో పై కుర్చీల నుంచి వచ్చినవాళ్లకి అవి నోట్లో తేలిగ్గా ఆడతాయి. అయితే జూమ్‌లో ఎనభై మంది హార్ట్ ఎమోజీలు పెట్టుకునే చోట ఎవరూ కోచ్‌గా ఎదగరు. వెళ్లండి, వినండి, పరిచయాలు చేసుకోండి, అంతకుమించి ఆశించకండి.

ఎదిగేది ముగ్గురు కూర్చునే చోట. ఒకరు కోచ్, ఒకరు క్లయింట్, మూడోవాళ్లు నోరు మూసుకుని చూసి, అయిపోయాక “ఆవిడ ఏడుపు ఆపుకుంటుంటే నువ్వు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయావు” అని మొహం మీద చెప్పేవాళ్లు. మీలా హెచ్‌ఆర్ నుంచి వచ్చినవాళ్లకి ఇది మరీ అవసరం, ఎదుటివాళ్లు సమస్య సగం చెప్పేలోపే పరిష్కారం చెప్పేసే అలవాటు అంత తొందరగా పోదు. (నేనిక్కడ చేస్తున్నదీ అదే, కాకపోతే ఇది సలహాల శీర్షిక, కోచింగ్ కాదు.) అలా చెప్పేవాళ్లు ఇద్దరు దొరికితే మీకు మనుషులు దొరికినట్టే. మీ ట్రైనింగ్ బ్యాచ్‌లోనే అడిగి చూడండి, మీటింగులో మీలాగే మాట్లాడకుండా కూర్చున్నవాళ్లకి విడిగా మెసేజ్ పెట్టండి, హైదరాబాద్‌లో ఐసీఎఫ్ చాప్టర్ ఉంది, అక్కడా వాకబు చేయండి.

ఆ సెషన్లు తెలుగులోనే చేసుకోండి. కొత్తగా మేనేజర్ అయిన అమ్మాయి తన భయాన్ని ఇంగ్లిష్‌లో అయితే ప్రెజెంటేషన్ ఇచ్చినట్టు చెప్తుంది, తెలుగులో అయితే “మా నాన్న ఏమనుకుంటాడో” అని అసలు సంగతికి వచ్చేస్తుంది. ఆ మాట దగ్గర ఆగి వినడం ఎంసీసీ ఉన్న ముంబై కోచ్ కంటే మీకే బాగా తెలుసు.

ఫీజు అడగడానికి మొహమాటపడకండి, ఎంత చిన్న మొత్తమైనా ఫీజే. ట్రైనింగ్ బయట ఇంకో కోచ్‌తో “మీరు నాకు, నేను మీకు” అని చేసుకున్నవి కూడా ఫీజు గంటల కిందే వస్తాయి. క్లయింట్ పేరు, కంపెనీ మాత్రం ఆ ముగ్గురి మధ్య కూడా రానివ్వకండి. వైజాగ్‌లో ఎవరికి ఎవరు చుట్టాలో చెప్పలేం.

ప్రశ్న: మా ఆయన ఈ మధ్యే కోచింగ్ కోర్సు చేశారు. అప్పటి నుంచి గ్యాస్ అయిపోయిందన్నా “ఈ పరిస్థితిలో నువ్వేం కోరుకుంటున్నావు?” అని అడుగుతున్నారు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: సిలిండర్ కోరుకుంటున్నానని చెప్పండి. కోచింగ్ అంటే ఇద్దరూ ముందే ఒప్పుకుని మొదలుపెట్టేది, మీరు ఒప్పుకోలేదు. పైగా మొగుడూ పెళ్లాల మధ్య అది కుదరదు, మీరు చెప్పే జవాబులో ఆయన లాభనష్టాలు కూడా ఉంటాయి కదా. ఆయనకి ప్రాక్టీసుకి మనుషులు దొరకట్లేదు, పాపం. బ్యాచ్‌వాళ్లతో వారానికో గంట పెట్టుకోమనండి, ఆ గంట తలుపు వేసుకోనివ్వండి, పిల్లల్ని మీరు చూసుకోండి. సిలిండర్ మాత్రం ఆయన్నే బుక్ చేయమనండి.