టెక్ సందేహాలు: నెట్ రేటు పెంచితే కంపెనీకి లాభమా, నష్టమా?

ప్రశ్న: మా ఫైబర్ నెట్ ప్లాన్ 600 నుంచి 700 చేశారు. మా అపార్ట్‌మెంట్‌లో కొందరు కనెక్షన్ తీయించేసుకున్నారు. ఇలా అందరూ పోతుంటే కంపెనీయే దిగొచ్చి రేటు తగ్గిస్తుందంటారా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆ ఆశతో ఆగకండి. వంద మంది 600 చొప్పున కడితే కంపెనీకి నెలకు 60,000 వస్తుంది. 700 చేశాక 14 మంది మానేసినా, మిగిలిన 86 మంది కట్టేది 60,200. పదిహేనో మనిషి కూడా వెళ్లిపోతేనే రాబడి తగ్గేది. 18 శాతం జీఎస్టీ దీనికి అదనం. కాబట్టి మీ బిల్లు 708 నుంచి 826 అయ్యుంటుంది. ఆ పన్ను కంపెనీకి మిగలదు, మీ జేబుకు మాత్రం చిల్లే.

మొబైల్ కంపెనీల్లో ఇదే జరిగింది. 2024 జులైలో జియో రేట్లు పెంచింది. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో దాదాపు 1.09 కోట్ల కనెక్షన్లు తగ్గాయి. అయినా ఒక్కో కస్టమర్ మీద నెలకు వచ్చే సగటు ఆదాయం 181.7 నుంచి 195.1 రూపాయలకు చేరింది, 2025 మార్చి నాటికి 206.2 అయింది. ఒక్కసారిగా ఎందుకు పెరగలేదంటే, చాలామంది పాత రేటుకే రీఛార్జ్ చేసుకుని ఉన్నారు. వాళ్ల గడువు తీరే కొద్దీ కొత్త రేటు అందుతుంది.

ఇంటి నెట్‌లో మాత్రం కంపెనీకి ఒక భయం ఉంది. మీ గుమ్మం దాకా కేబుల్ లాగి, రౌటర్ పెట్టి, మనిషిని పంపిన ఖర్చు ముందే అయిపోయింది. మీరు తొందరగా మానేస్తే అది తిరిగి రాదు. కనెక్షన్ తీసేయమనగానే ఆఫర్ ఇస్తామని ఫోన్ చేసేది అందుకే. మొహమాటపడకుండా పాత రేటే అడగండి.

అయితే మీ బిల్డింగ్‌లోకి రెండో కంపెనీ కేబుల్ వస్తేనే ఆ బేరం సాగుతుంది. ఒకే కంపెనీకి అనుమతిచ్చే అసోసియేషన్లు చేస్తున్నది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. ఈసారి మీటింగ్‌లో ఈ విషయం పట్టుబట్టి అడగండి.

ప్రశ్న: ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశాను. మధ్యలో రేటు పెంచితే తేడా కట్టాలా?
– ఓ పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: అక్కర్లేదు. కట్టిన గడువు తీరేదాకా అదే రేటు. రసీదు దాచుకోండి. ఎవరైనా తేడా అడిగితే ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే నంబర్) తీసుకోండి, పని కాకపోతే అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లండి.