మట్టిపని కాదండీ, మట్టిని చదివే పని

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. ఇంటర్న్‌షిప్‌లో రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) వెనక డీప్ సాయిల్ మిక్సింగ్ చేస్తుంటే చూసొచ్చి, ఎంటెక్ జియోటెక్నికల్ (నేల, పునాదుల ఇంజినీరింగ్) చదువుతానంటోంది. మేం సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఆడపిల్లకు మట్టిపని ఎందుకండీ?

జవాబు: మీ అమ్మాయి ఏం చూసిందో ముందు చెప్తానండీ.

మన విశాఖ పోర్టు వైపు తవ్వితే నల్లటి సముద్రపు బంకమట్టి తగులుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అలాంటి నేల మీద మెరక పోసి గోడ కడితే, వెనకున్న మెరక గోడను తోస్తుంది, కింది నేల బరువుకు ఏళ్ల తరబడి కుంగుతుంది. గోడ ఎంత లావుగా ఉన్నా, కింద నేల జారితే దాంతోపాటే పోతుంది. డీప్ సాయిల్ మిక్సింగ్‌లో ఆ మట్టిని తవ్వి పారెయ్యరు. రెక్కలున్న పెద్ద డ్రిల్లు లాంటి ఆగర్‌ను లోతుకు దించి, తిప్పుతూ, సిమెంటు పాలు పంపి మట్టిని ఉన్నచోటే గట్టి స్తంభంగా మారుస్తారు. జపాన్, స్వీడన్‌లలో 1960లలో మొదలైన విద్య ఇది.

స్తంభాలను విడివిడిగా నిలబెడితే మట్టి తోపుకు ఒక్కొక్కటే వంగి విరగొచ్చు. అందుకే ఒకదాన్నొకటి కోసుకునేలా, గోడకు లంబంగా వరసలు పేరుస్తారు. రెక్కలు మీటరు లోతుకు ఎన్నిసార్లు తిరిగాయో లెక్క రాస్తారు. సరిపడా తిరక్కపోతే మధ్యలో మట్టిగడ్డలు మిగిలిపోతాయి. మట్టిలో కుళ్లిన ఆకూ అలమూ ఉంటే సిమెంటు సరిగా గట్టిపడదు. ల్యాబ్‌లో కలిపిన నమూనాకున్న బలం సైట్లో స్తంభంలోంచి కోసి తీసిన ముక్కకు (కోర్) సాధారణంగా రాదు. అందుకే 28 రోజులు ఆగి ఆ ముక్కను నలగ్గొట్టి చూస్తారు. ఇవన్నీ తేల్చేది జియోటెక్నికల్ ఇంజినీరే.

అదే సింహాచలం కొండవైపు వెళ్తే ఎర్రమట్టి, ఖోండలైట్ రాయి. అక్కడి వాలుకు మందు వేరు: సాయిల్ నెయిలింగ్ (వాలులోకి ఇనుప కడ్డీలు దించి బిగించడం), వాననీటికి దారి. ఈ చదువు చదివే పిల్లకు రెండు రకాల నేలలూ ఒకే ఊళ్లో దొరకడం అదృష్టమే.

దాచకుండా చెప్తాను, మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే ఉండొచ్చు. సైట్ అంటే ఎండా వానా తప్పవు. ఆడపిల్ల అన్న బెంగ ఉంటే, కంపెనీని బస గురించీ బాత్రూమ్ గురించీ ముందే అడగండి. ల్యాబ్, డిజైన్ దారులూ ఉన్నాయి. చదువు మాన్పించడానికి మాత్రం అది కారణం కాదు.

ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ సివిల్ పేపరు మూడో సంవత్సరంలోనే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో, వరంగల్ ఎన్‌ఐటీలో ఈ కోర్సు ఉంది. ఈలోగా కాలేజీ సాయిల్ ల్యాబ్‌లో రెండు వారాలు కన్సాలిడేషన్ పరీక్ష (బరువుకు మట్టి ఎంత కుంగుతుందో కొలిచేది) చేయమనండి. ఒక్కో బరువు వేసి 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఓపిక ఉందంటే ఎంటెక్‌కు పంపండి, నా మాట ఇదే.

ఈ ఆదివారం ఆ ఇంటర్న్‌షిప్ నోట్‌బుక్ తీసి, అందులో రీడింగులేమిటో మీకు చెప్పమనండి. పక్కన కూర్చుని వినండి.