రంగంలో మా పిన్ని మనవడు పిరికివాడా?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మ బర్మాలో, రంగంలో (రంగూన్‌లో) పుట్టింది. 1960లలో మావాళ్ళు ఓడెక్కి వచ్చేశారు. పెళ్ళయిన మా పిన్ని అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ మనవడి పేరు మిలిటరీ లిస్టులో వచ్చిందట, దాక్కుని తిరుగుతున్నాడు. మా తమ్ముడు మాత్రం ‘మన గుంటలు ఆర్మీ సెలక్షన్ కోసం తెల్లారకుండా పరుగులు పెడుతున్నారు, వీడు పిరికోడు’ అంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఆ కుర్రాణ్ణి ఇక్కడికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చూసింది నిజమే. ఇక్కడ విజయనగరంలోనూ ఐదింటికి వాకింగ్‌కి వెళితే గ్రౌండు నిండా ఆ కుర్రాళ్ళే. 1,600 మీటర్ల పరుగుకి ఒకడు ఫోన్‌లో టైము చూస్తూ అరుస్తుంటాడు. అయితే వాళ్ళు దరఖాస్తు పెట్టుకుని వెళుతున్నారు, రాకపోతే ఏడుస్తున్నారు. మీ పిన్ని మనవణ్ణి ఎవరూ అడగలేదు. పేటల వారీగా అధికారులు జాబితాలు రాస్తారు, చాలాచోట్ల లాటరీ తీస్తారు. పేరొస్తే వెళ్ళాలి. వెళ్ళి తుపాకీ ఎక్కుపెట్టాల్సింది సొంత దేశం వాళ్ళ మీదే.

ఇలా బలవంతంగా సైన్యంలో చేర్చుకునే చట్టం 2010 నాటిది. పదమూడేళ్ళకి పైగా కాగితం మీదే ఉంది. 2021 ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది, అంతర్యుద్ధం ముదిరింది. 2023 అక్టోబరు తర్వాత చైనా సరిహద్దు వైపు సైన్యం వరసగా స్థావరాలు పోగొట్టుకుంది. మనుషులు చాలక 2024 ఫిబ్రవరి 10న ఆ చట్టాన్ని బయటికి తీశారు. మగవాళ్ళు 18 నుంచి 35, ఆడవాళ్ళు 18 నుంచి 27 ఏళ్ళ వాళ్ళు అర్హులు. డాక్టర్ల లాంటి వృత్తుల వాళ్ళకి వయసు ఇంకా పెంచారు. రెండేళ్ళ సేవ, అత్యవసర పరిస్థితి అంటే ఐదేళ్ళు. ఎగ్గొడితే జైలు.

ప్రకటన వచ్చిన రోజుల్లోనే రంగంలో థాయ్ ఎంబసీ ముందు కుర్రకారు బారులు తీరింది. మాండలేలో పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. జాబితాలు రాసే అధికారుల్లో కొందరిని చంపేశారు కూడా. మే నెలకి మగవాళ్ళు పనికోసం విదేశాలకి వెళ్ళడాన్నే ఆపేశారు. రోహింగ్యా ముస్లింలకి పౌరసత్వమే ఇవ్వని దేశం, వాళ్ళనీ పట్టుకెళ్ళి యూనిఫాం తొడిగింది. ఇంతకంటే వెటకారం ఏముంటుంది?

మీ తమ్ముడికి ఇంకో సంగతి చెప్పండి. సైన్యానికి దొరక్కుండా పారిపోయిన వాళ్ళలో చాలామంది అడవుల్లోకెళ్ళి అదే సైన్యం మీద పోరాడే దళాల్లో చేరారు. వాళ్ళని పిరికివాళ్ళంటే ఎలా? అలాగని అటువైపంతా ధర్మమే అనుకోవద్దు. ఆ పోరాడే సాయుధ దళాల్లో కొన్ని తమ ప్రాంతాల్లో ఇంటికొకణ్ణి బలవంతంగా లాక్కెళుతున్నాయి.

బలవంతపు భర్తీకి ఎదురుతిరగడం బర్మావాళ్ళ బుద్ధి అనుకుంటారేమో. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జులైలో న్యూయార్క్‌లో సైన్యంలోకి పేర్లు తీసే లాటరీ మొదలవగానే పేదలు ఆ ఆఫీసుని తగలబెట్టారు. 300 డాలర్లు కట్టినవాడికి మినహాయింపు. అది అప్పట్లో కూలివాడి ఏడాది సంపాదనకి దగ్గర. అమెరికా దక్షిణాదిలోనైతే 20 మంది బానిసలున్న తోటకి ఒక తెల్లవాడు ఇంట్లో ఉండిపోవచ్చు. న్యాయమైన కోపమే, కానీ న్యూయార్క్ గుంపు దాన్ని నల్లవాళ్ళ మీద తీర్చుకుంది. వాళ్ళ అనాథాశ్రమాన్ని కాల్చింది. నాలుగు రోజుల్లో వందమందికి పైగా చనిపోయారు. బర్మాలోనూ డబ్బున్నవాళ్ళు లంచమిచ్చి పేరు తీయించుకుంటున్నారు. కట్టలేనివాడి కొడుకే బండెక్కుతాడు.

ఇక తెచ్చుకోవడం సంగతి. బారువ, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం వెళ్ళొచ్చిన కాలం కాదిది. ఆ అబ్బాయి బర్మా పౌరుడు. మీరు చుట్టాలైనంత మాత్రాన చాలదు, పాస్‌పోర్టు, వీసా ఉండాలి. శరణార్థులకి మన దేశంలో ప్రత్యేక చట్టమేదీ లేదు. సరిహద్దు దాటిస్తామనే ఏజెంట్ల చేతిలో పైసా పెట్టకండి. వీసాల విషయం తెలిసిన లాయరుతో ఒకసారి మాట్లాడండి. ఇంకొకటి, అక్కడ చెక్‌పోస్టుల్లో ఫోన్లు తెరిచి చూస్తారు. వాడెక్కడున్నాడని వాట్సాప్‌లో మీ పిన్నిని అడగొద్దు, మీ తమ్ముణ్ణి కూడా అడగనివ్వొద్దు.