ఐదేళ్ల తర్వాత రమ్మంటే భయం వేయదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 46 ఏళ్లు. మా పెద్దమ్మ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోయింది. అప్పటినుంచి నేను ఏడాదికోసారి పాప్ స్మియర్ చేయించుకుంటున్నాను. ఈసారి డాక్టరమ్మ హెచ్‌పీవీ పరీక్ష చేసి, నెగెటివ్ వచ్చింది, ఇక ఐదేళ్ల తర్వాత రండి అన్నారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకీ అక్కడ అలాగే చెప్పారట. ఖర్చు తగ్గించుకోవడానికి మమ్మల్ని వదిలేస్తున్నారేమో అని టెన్షన్‌గా ఉంది. ఈలోగా ఏమైనా వస్తే?
- ఒక సోదరి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: భయం వేస్తుందమ్మా, వేయకుండా ఎలా ఉంటుంది? ఏటా రమ్మని ఇన్నేళ్లు చెప్పింది మా డాక్టర్లమే. ఉన్నట్టుండి ఐదేళ్లు అంటే ఎందుకో కూడా కూర్చోబెట్టి చెప్పాలి, ఆ పని మేం సరిగా చేయడం లేదు.

అసలు మారింది పరీక్ష. పాప్ స్మియర్‌లో కణాలు అప్పటికే మారాయా అని చూస్తారు, మారిన కణాలు ఒక్కోసారి స్లైడు మీదికి రావు, వచ్చినా దొరకవు, అందుకే మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చేది. హెచ్‌పీవీ పరీక్ష అంతకంటే ముందుకి వెళ్లి, కణాలను మార్చే హెచ్‌పీవీ అనే వైరస్ ఉందా అని చూస్తుంది. ఈ క్యాన్సర్‌కి ఆ వైరస్ కారణమని కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకినా చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, పోకుండా ఉండిపోయినా అది క్యాన్సర్ కావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. మీకు ఆ వైరసే లేదు. 30 దాటిన వాళ్లకి ఈ పరీక్ష 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది కూడా ఇందుకే.

పోనీ ఏటా చేస్తే పోయేదేముంది అంటారా? వాటంతటవే తగ్గిపోయే చిన్న మార్పులు కూడా బయటపడతాయి, ఇక ముక్క తీసి పరీక్షకి పంపడం, రిపోర్టు వచ్చేదాకా నిద్రపట్టకపోవడం, ఒక్కోసారి అక్కర్లేని చికిత్స. పిల్లలు కావాల్సిన వయసులో ఆ చికిత్స చేస్తే తర్వాత నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కొంత పెరుగుతుంది.

అయితే ఈ ఐదేళ్ల లెక్క ఏ ఇబ్బందీ లేనివాళ్లకే. నెలసరి మధ్యలో గానీ, భార్యాభర్తలు కలిశాక గానీ రక్తం కనిపించినా, నెలసరి ఆగిపోయాక చిన్న మరకైనా, తెల్లబట్ట వాసనొస్తున్నా, నెగెటివ్ రిపోర్టు ఉందిలే అని ఆగకండి, వెంటనే చూపించుకోండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, ఇంతకుముందు కణాల్లో తేడా వచ్చినవాళ్లు ఇంకా తొందరగా రావాలి.

మీ పెద్దమ్మ సంగతి చదివాక నాకు మీకంటే ఆవిడ కూతుళ్ల గురించే బెంగగా ఉంది. ఇది తల్లి నుంచి కూతురికి వస్తుందని కాదు. మన గుంటూరు, బెజవాడల్లో కూడా 50 దాటినా ఈ పరీక్ష ఒక్కసారీ చేయించుకోని ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, ముదిరాక వచ్చేది ఎక్కువగా వాళ్లే. మీ అక్కచెల్లెళ్లు ఎప్పుడైనా చేయించుకున్నారా? లేకపోతే ఈ వారమే ఫోన్ చేయండి, సిగ్గుపడితే మీరే వెంట వెళ్లండి.