ఓడ ఎక్కేముందు సింగపూర్‌లో ఒక్కరోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేనూ మావారూ మొదటిసారి క్రూజ్‌కి వెళ్తున్నాం. సింగపూర్‌లో ఎక్కి మూడు రాత్రుల తర్వాత మళ్లీ అక్కడే దిగుతాం. ఓడ బయల్దేరే ముందురోజు తెల్లవారుజామున ఆరింటికి విమానం దిగుతాం. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు టెర్మినల్ దగ్గర ఉండమన్నారు. ఇద్దరికీ యాభై దాటాయి, ఎక్కువ నడవలేం. ఆ రోజులో ఏవేం చూడొచ్చు? యూనివర్సల్ స్టూడియోస్ కుదురుతుందా?

జవాబు: కుదరదు. అది ఒక్కటే రోజంతా మింగేస్తుంది. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చి అక్కడి క్యూల్లో నిలబడితే, మర్నాడు ఓడలో చేసే మొదటి పని పడుకోవడమే అవుతుంది. దాన్ని తిరిగొచ్చాక పెట్టుకోండి.

సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర. ఏ నెలలో వెళ్లినా తెల్లవారేది ఏడు ప్రాంతంలో, పొద్దుగూకేది మళ్లీ ఏడు ప్రాంతంలోనే. మధ్యాహ్నం ఉక్కపోత, దాని వెనకే చాలా రోజులు ఉరుములతో వాన. అందుకే రోజుని రెండు ముక్కలు చేసుకోండి: ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా ఒకటి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒకటి. నడుమ నిద్ర.

హోటల్ గది మామూలుగా మధ్యాహ్నం మూడుకి గానీ ఇవ్వరు. పెట్టెలు మాత్రం రిసెప్షన్‌లో ఉంచుకుంటారు. అప్పగించేముందే గొడుగు, మందులు, మెత్తటి చెప్పులు బయటకు తీసుకోండి. చాలామంది గొడుగుని పెట్టెలోనే మరిచిపోతారు.

పొద్దున బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. 1859లో మొదలైన తోట ఇది, 2015లో యునెస్కో జాబితాలో చేరింది. లోపలికి టికెట్ లేదు. ఆర్కిడ్ తోటకు మాత్రం కొనాలి, అది ఎనిమిదిన్నరకు తెరుస్తారు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. పేరు చూసి అందరూ ‘బొటానిక్ గార్డెన్స్’ మెట్రో స్టేషన్‌లో దిగుతారు. అది తోటకు ఉత్తరపు కొస. ఆర్కిడ్‌లున్న చోటికి అక్కడినుంచి చాలా దూరం నడవాలి. మీరు ‘నేపియర్’ స్టేషన్‌లో దిగి టాంగ్లిన్ గేటు వైపు నుంచి వెళ్లండి, మోకాళ్లకు సుఖం. తిరిగి నేపియర్‌లోనే ఎక్కి, తర్వాతి స్టేషన్ స్టీవెన్స్‌లో డౌన్‌టౌన్ లైన్‌కు మారితే రెండో స్టేషన్ లిటిల్ ఇండియా.

లిటిల్ ఇండియాలో గుడి చూడాలనుకుంటే పదకొండులోపు చేరుకోవాలి. సింగపూర్‌లో హిందూ దేవాలయాలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మూసి సాయంత్రం తెరుస్తారు. వాటిల్లో అన్నిటికన్నా పాతది 1827 నాటి శ్రీ మారియమ్మన్ గుడి. అది ఇక్కడ కాదు, చైనాటౌన్‌లో ఉంది. లిటిల్ ఇండియా నుంచి నార్త్ ఈస్ట్ లైన్‌లో మూడో స్టేషన్. రెండూ ఒకే పూట పెట్టుకోకండి. ఒకటి చాలు.

సాయంత్రం ఆరుంబావుకి, సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం మెర్‌లయన్ దగ్గరికి. ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఆ సింహం ముఖం తూర్పుకి ఉంటుంది కాబట్టి సాయంత్రం ఎండ దాని వీపు మీద పడుతుంది, ఫొటోలో ముఖం నల్లగా వస్తుంది. దీపాలు వెలిగేదాకా ఆగండి, లేదా దాన్ని వదిలేసి ఎదుటి ఒడ్డున మెరీనా బే సాండ్స్ హోటల్‌ని ఫొటో తీసుకోండి. ఏడుంబావుకల్లా టాక్సీలో గార్డెన్స్ బై ద బే చేరాలి. అక్కడి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో ఉక్కుతో కట్టినవి) దీపాల ప్రదర్శన రోజూ 7.45కి, 8.45కి రెండుసార్లు. పావుగంట ఉంటుంది, ఉచితం. ఆ చెట్లు 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. నిలబడి చూస్తే మెడ పట్టేస్తుంది, అక్కడివాళ్లు నేలమీద వెల్లకిలా పడుకుని చూస్తారు. మీరూ ఒక దుప్పటా పరుచుకోండి, సిగ్గుపడే పనేం లేదు. మొదటి ఆటకే వెళ్లండి. వానొస్తే రెండోది చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మెట్రోకి కార్డు కొనాలా?

జవాబు: అక్కర్లేదు. విదేశాల్లో వాడేందుకు వీలున్న వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డుని గేటు దగ్గర ఆనిస్తే చాలు. అయితే ఒక మనిషికి ఒక కార్డు. భర్త ఆనించిన కార్డునే భార్య మళ్లీ ఆనిస్తే గేటు తెరుచుకోదు. లోపలికి ఫోన్‌తో వెళ్లి బయటకు ప్లాస్టిక్ కార్డుతో వచ్చినా లెక్క తప్పుతుంది, యంత్రం వాటిని రెండు వేర్వేరు కార్డులుగా చూస్తుంది. రైల్లో తినడం, తాగడం నిషేధం. జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది.

ప్రశ్న: ఓడరేవు ‘మెరీనా బే’ అని ఉంది. అదే పేరుతో మెట్రో స్టేషన్ ఉంది కదా, అక్కడ దిగితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఇంకొక్క స్టేషన్ ముందుకు, నార్త్ సౌత్ లైన్ చివర ‘మెరీనా సౌత్ పియర్’లో దిగాలి. మెరీనా బే క్రూజ్ సెంటర్ అక్కడికి దగ్గర. పక్కనే దీవులకు వెళ్లే పడవల రేవు ఉంది, అందులోకి వెళ్లకండి. అసలు పెద్ద పొరపాటు వేరే ఉంది: హార్బర్‌ఫ్రంట్ దగ్గర సింగపూర్ క్రూజ్ సెంటర్ అని మరో టెర్మినల్ ఉంది. టాక్సీ ఎక్కి ఉత్తినే ‘క్రూజ్ సెంటర్’ అంటే ఎటు తీసుకెళ్తాడో చెప్పలేం. బుకింగ్ కాగితంలో ఏది రాసుందో చూసి, ‘61, మెరీనా కోస్టల్ డ్రైవ్’ అయితే ఆ చిరునామానే చూపించండి. పెద్ద పెట్టెలు రెండు దాటితే మెట్రో వద్దు.

బయల్దేరే పొద్దున కొత్త చోట్లకు వెళ్లకండి. ఏదైనా చూసి తీరాలనుకుంటే గార్డెన్స్ బై ద బేలో తొమ్మిదింటికి తెరిచే అద్దాల తోట క్లౌడ్ ఫారెస్ట్ ఒక్కటి. 35 మీటర్ల జలపాతం, అదీ ఏసీలో. మరమ్మతు సెలవులుంటాయి, ముందురోజు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి. పదిన్నరకు బయటపడాలి.

ప్రశ్న: వీసా, అరైవల్ కార్డు ఒకసారి ఉంటే చాలా?

జవాబు: ఓడ సింగపూర్ దాటి మళ్లీ వస్తుంది. అంటే మీది రెండో ప్రవేశం. వీసా మీద ‘మల్టిపుల్’ అని ఉందో లేదో ఇవాళే చూడండి. ఎస్‌జీ అరైవల్ కార్డు (సింగపూర్ చేరేముందు ఆన్‌లైన్‌లో నింపే ప్రవేశ పత్రం) కూడా రెండుసార్లు నింపాలి: విమానం దిగేటప్పుడు ఒకటి, ఓడ దిగేటప్పుడు ఒకటి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల్లోపే నింపనిస్తారు. సోమవారం ఓడెక్కి గురువారం దిగేవాళ్లకు అది మంగళవారం గానీ తెరుచుకోదు. అందుకని దారిలో ఓడ ఆగే రేవులో నెట్ దొరికినప్పుడే ఆ పని ముగించండి, నడిసముద్రంలో నెట్‌కి విడిగా డబ్బు కట్టాలి. కార్డు ఉచితం. డబ్బడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదు.

ప్రశ్న: పెట్టెలు టెర్మినల్‌లోనే తీసుకుంటారట. చేతిసంచిలో ఏం ఉంచుకోవాలి?

జవాబు: పాస్‌పోర్టు, మందులు, నగలు, పవర్ బ్యాంకు, ఒక జత బట్టలు. పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టుని పెట్టెలో వేసి అప్పగించేసిన జంటలు ప్రతి ఓడలోనూ ఉంటారు. పెట్టెకు కట్టే చీటీ క్రూజ్ సంస్థ పంపుతుంది, మీ పేరూ గది నంబరూ ఉంటాయి. పాత విమానం చీటీలు తెంపేసి దీన్ని కట్టండి. ఇస్త్రీపెట్టె, కెటిల్ పెట్టొద్దు, స్కానర్‌లో పట్టుకుని పక్కన పెట్టేస్తారు. గుట్కా, ఖైనీ, ఈ-సిగరెట్ల సంగతి అంతకన్నా గట్టిది, అవి సింగపూర్‌లోకి తేవడమే నేరం.

ఓడ కదలకముందే భద్రతా డ్రిల్ ఉంటుంది, అందరికీ తప్పనిసరి. మీ గుమిగూడే చోటు ఏదో గది కార్డు మీద ఉంటుంది. అది ముగించి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి పైడెక్‌కి వెళ్లండి. రేవు దాటాక ఫోన్ ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ని దానంతటదే పట్టుకుంటుంది, బిల్లు మాత్రం ఇంటికొచ్చాక తెలుస్తుంది.