ఆపరేషన్ అయిన సాయంత్రం పిల్లి ఒళ్లు కాలిపోతోంది, డోలో ముక్క వేయొచ్చా?

అక్కా, మీరు రాసింది ఇది: కడపలో పొద్దున పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, నొప్పికి బ్యుప్రెనార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చారు, సాయంత్రానికి థర్మామీటర్ 104.6 చూపిస్తోంది.

ముందు ఆ డోలో మాత్ర తీసి దాచేయండి. మూడు కిలోల పిల్లికి 650 మాత్రలో పావు ముక్క వేసినా కిలోకు 54 మిల్లీగ్రాములు పడుతుంది. కిలోకు 10 మిల్లీగ్రాములకే విషమెక్కిన పిల్లులున్నాయి. డోలోలో ఉండే పారాసిటమాల్‌ను అరిగించి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కు చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. బ్రూఫెన్ కూడా వద్దు. పైగా ఇది జ్వరం మాత్రకు లొంగే వేడి కాదు.

పిల్లికి మామూలు వేడి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. మత్తులో అది బాగా కిందికి జారుతుంది. తెలివి వచ్చాక, బ్యుప్రెనార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి నొప్పి మందు) మెదడులో వేడిని అదుపు చేసే చోటును కదిలించడంతో, ఒకటి నుంచి ఐదు గంటల్లోపు 104, 105 దాకా ఎక్కవచ్చు. ఆపరేషన్‌లో ఎక్కువ చల్లబడిన పిల్లులే తర్వాత ఎక్కువ వేడెక్కడం తరచుగా కనబడుతుంది. హైడ్రోమార్ఫోన్‌తో ఇది బాగా ఎక్కువ. మార్ఫిన్, బ్యుప్రెనార్ఫిన్, బ్యుటార్ఫనాల్‌తో కూడా వస్తుంది. మందు దిగేకొద్దీ చాలావరకు కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. పొద్దున వణుకుతోందని దుప్పటి చుట్టి, వేడినీళ్ల సీసా పక్కన పెడతారు, సాయంత్రం దాకా తీయరు. 100 దాటగానే అవన్నీ తీసేయాలి. మే నెలలో మిద్దె కింది గదిలో గాలే పిల్లి ఒంటంత వేడిగా ఉంటుంది, ఒంట్లో వేడి ఎటూ పోదు. కింది అంతస్తులో కడప బండల మీద పలుచని గుడ్డ పరిచి పడుకోబెట్టండి, ఫ్యాన్ వేయండి. కూలర్ వేస్తే కిటికీ తెరిచే ఉంచండి, తేమ గదిలో నిలిస్తే లాభం లేదు.

నుదుటికి చూపే గన్ థర్మామీటర్ బొచ్చు మీద పనిచేయదు. మామూలు డిజిటల్ థర్మామీటర్‌కు వాసెలిన్ రాసి, ఒకరు తువ్వాలుతో పట్టుకుంటే ఇంకొకరు మలద్వారంలో రెండు సెంటీమీటర్లు లోపలికి పెట్టి, మొన గోడకు ఆనేలా ఉంచండి. అరగంటకొకసారి చూసి, టైముతో రాయండి.

104 దాటితే పాదాలు, చంకలు, తొడల సందులు మామూలు నీళ్లతో తడపండి. ఐసు వద్దు, చర్మం బిగిసి వేడి లోపలే ఉండిపోతుంది. కుట్లు తడవకూడదు. 103కి దిగగానే ఆపేయండి, లేదంటే మళ్లీ మరీ చల్లబడుతుంది. మత్తుగా ఉన్న పిల్లికి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మందు వల్ల వచ్చిన వేడైతే పిల్లి హుషారుగానే కనబడుతుంది: కంటిపాపలు పెద్దవై ఉంటాయి, గురగురలాడుతుంది, పాదాలతో గుడ్డను పిసుకుతుంది. కుట్లు చెడి వచ్చే జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత మొదలవుతుంది. అప్పుడు పిల్లి ముడుచుకుని పడుకుంటుంది, తిండి ముట్టదు, కుట్ల దగ్గర వాపో చీమో వాసనో ఉంటుంది. రెండోదైతే ఇంట్లో ఆగొద్దు.

104.6 కాబట్టి డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. 105 దాటి అరగంటలో దిగకపోయినా, నోరు తెరిచి రొప్పుతున్నా, నిలబడలేకపోయినా వెంటనే తీసుకెళ్లండి. 106 అయితే దారిలోనే తడుపుతూ పోవాలి. అక్కడ నాలోక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్‌తో మందును కొంతవరకు తిప్పికొట్టొచ్చు, కానీ దాంతో నొప్పి తగ్గించే గుణమూ పోతుంది. అందుకే తక్కువ వేడికి డాక్టర్లు తొందరపడరు, మీరూ అడగొద్దు.

రాసిన అంకెల చీటీ, ఇచ్చిన మందు పేరు పిల్లి టీకా కార్డులోనే ఉంచండి. మళ్లీ ఎప్పుడైనా మత్తు ఇవ్వాల్సి వస్తే డాక్టర్ మొదట అడిగేది అదే.