ఇల్లు చూసే మనిషి కంటే ముందు ఇంటికి పైసలు కావాలి

ప్రశ్న: మాది నల్గొండ. పుణెలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 68,000 వస్తుంది. మిర్యాలగూడ రోడ్డు వైపు అమ్మ పేరున రెండు పోర్షన్ల ఇల్లుంది. నాన్న పోయాక అమ్మను నా దగ్గరికే తెచ్చుకున్నాను. కింది పోర్షన్‌కు 9,000 కిరాయి వస్తోంది. 8,000 వచ్చే పై పోర్షన్ మూడు నెలలుగా ఖాళీ. బోరు మోటారు కాలిపోయింది, కింద వాళ్లు నల్లా నీళ్లతోనే నెట్టుకొస్తున్నారు. ఎనిమిది నెలల కింద టైల్స్, బాత్రూముల కోసం 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. 16 శాతం వడ్డీ, మూడేళ్లు, ఈఎంఐ 14,060. కిరాయితో వెళ్లిపోతుందనుకున్నాను. ఇప్పుడు మోటారుకు 28,000, రంగులకు 37,000, పార్కింగ్ షెడ్డు, కొత్త గేటుకు 85,000 అవుతుందని మేస్త్రీ లెక్క చెప్పాడు. ఆ లక్షన్నర తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. మ్యూచువల్ ఫండ్లలో 1,12,000 ఉంది, నెలకు 9,000 సిప్ కడుతున్నాను. బ్యాంకులో 22,000 ఉంది. ఊళ్లో ఒకాయన ఇల్లు చూసుకుంటానంటున్నాడు. కిరాయిలో 10 శాతం, కొత్తవాళ్లు దిగినప్పుడల్లా సగం నెల కిరాయి అడుగుతున్నాడు. అమ్మతో జీపీఏ (ఆమె తరఫున సంతకాలు చేసే అధికార పత్రం) కూడా రాయించమంటున్నాడు. పెట్టుకోవచ్చా?

జవాబు: మీరడిగింది మనిషి గురించి. నాకు భయమేసింది మాత్రం మధ్యలో చెప్పేసి ముందుకెళ్లిపోయిన ఆ రెండు రూపాయల వడ్డీ గురించి. ఇల్లు చూసే ఆయనకు 10 శాతమంటే రెండు పోర్షన్లూ నిండినా ఏడాదికి 20,400. దీని మీద ఇంత ఆలోచించారు. లక్షన్నరకు నూటికి రెండు రూపాయలంటే నెలకు 3,000, ఏడాదికి 36,000, అసలు పైసా తగ్గకుండా. దాని మీద మాత్రం ప్రశ్నే లేదు. ఈ అప్పు చేయకండి. ఊళ్లో ఇల్లుండి బయట ఉద్యోగం చేసేవాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు సగం మందిలో ఇదే తప్పు చూస్తుంటాను కాబట్టే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను.

కిరాయి జీతం లాంటిది కాదు. పన్నెండు నెలలూ వస్తుందని నమ్మి దాని మీద ఈఎంఐ పెట్టారు. పైన ఖాళీ కాగానే నెలకు 5,060 మీ జేబులోంచి పోతోంది. రేపు పై పోర్షన్ నిండినా 17,000లో ఈఎంఐ పోగా మిగిలేది 2,940. ఆయనకు 1,700 ఇస్తే 1,240. ఇంటి పన్ను కట్టాలన్నా, ఒక పైపు పగిలినా అందులోంచే రావాలి.

మనిషిని పెట్టినంత మాత్రాన ఏమవుతుంది? మోటారు కాలితే కింద వాళ్లు మీకు చేసే ఫోన్ ఆయన చేస్తాడు. ‘సార్, 28,000 పంపండి’ అంటాడు. ఆ పైసలు మీ దగ్గర లేనప్పుడు ఫోన్ ఎవరు చేస్తే ఏం లాభం?

నాకిది చేతులు కాలాక తెలిసింది. మహబూబ్‌నగర్ ఏనుగొండలో మా ఇల్లు కిరాయికి ఇచ్చి నేను హైదరాబాద్‌లో ఉండేవాణ్ని. చూసుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ట్యాంకు బాల్ వాల్వ్ పాడైంది, మూడు నాలుగు వందల వస్తువు. ఆయన చెప్పాడు, చేతిలో డబ్బు ఆడక ‘వచ్చే నెల చూద్దాం’ అన్నాను. రోజూ ట్యాంకు పొంగి నీళ్లు గోడ వెంట దిగాయి. సున్నం ఉబ్బి పెచ్చులుగా రాలింది, తడి స్విచ్‌బోర్డు దాకా పోయింది. పిల్లాడికి షాక్ కొట్టిందని ఒక సాయంత్రం ఫోన్. పిల్లాడికేం కాలేదు, కానీ వాళ్లు ఆ వారమే ఖాళీ చేశారు. గోడ, వైరింగ్ కలిపి 38,000 అయింది. ఆ పిల్లాడి సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అప్పటి నుంచి ఇంటి ఖాతా వేరుగా పెట్టాను, అందులోంచి ఇంకో పనికి రూపాయి తీయను.

మీరూ అదే చేయండి. షెడ్డు, గేటు ఆపేయండి. నల్గొండలో 8,000 పెట్టి దిగేవాళ్లు ముందు నీళ్లున్నాయా అని అడుగుతారు. మోటారు, రంగులకు కావాల్సిన 65,000 ఫండ్ల నుంచి తీయండి. మిగిలిన 47,000 కూడా బయటికి తీసి ఇంటి కోసమే విడిగా పెట్టిన సేవింగ్స్ ఖాతాలో వేయండి. సిప్ ఆపండి. ఫండ్లు అమ్ముకోవడానికి మనసొప్పదని తెలుసు. కానీ ఒకవైపు సిప్ కడుతూ ఇంకోవైపు 24 శాతానికి అప్పు తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఓపిక ఉండదు. ఏ ఫండూ ఏటా 24 శాతం ఇస్తానని మాటివ్వదు, వడ్డీకిచ్చినవాళ్లు మాత్రం నెల తిరగ్గానే అడుగుతారు.

ఆ ఖాతాలో మూడు నెలల కిరాయి, అంటే 51,000, ఎప్పుడూ ఉండాలి. దానికి తోడు కిరాయిదారుల అడ్వాన్స్. కింద వాళ్ల దగ్గర రెండు నెలల అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఆ 18,000 ఇప్పుడు ఎక్కడుందో గుర్తు చేసుకోండి. చాలామంది వచ్చిన నెలలోనే వాడేస్తారు, వాళ్లు ఖాళీ చేసే రోజు అప్పుకు పరుగెత్తుతారు. పైకి దిగేవాళ్లిచ్చే 16,000 నేరుగా ఈ ఖాతాలోకే పోవాలి. అన్నీ కలిపి 85,000. సిప్ ఆపిన 9,000, కిరాయిలో మిగిలే 2,940 కలిపితే, అడ్వాన్స్ వచ్చినా రాకపోయినా పై పోర్షన్ నిండిన నాలుగు నెలల్లో ఇది పూర్తవుతుంది.

ఆ తర్వాత పుణెలో మీ కుటుంబ ఖర్చుల కోసం అత్యవసర నిధి. పుణె కిరాయి, ఈఎంఐ కలిపి మీ ఖర్చు 52,000 అనుకుంటే ఆరు నెలలకు 3,12,000. రెండేళ్లకు పైగా పడుతుంది, బోనస్ వస్తే అదీ ఇందులోకే. సిప్ మళ్లీ మొదలుపెట్టేది ఆ తర్వాతే. అమ్మగారికి హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే అది మాత్రం ఈ నెలలోనే తీసుకోండి.

తప్పనిసరైతే గోల్డ్ లోన్ ఈ రెండు రూపాయల వడ్డీ కంటే నయం, కానీ ప్రస్తుతం మీకు ఆ అవసరమే లేదు. పన్ను సంగతి: ఇల్లు అమ్మగారి పేరున ఉంది కాబట్టి కిరాయి ఆమె ఆదాయం. అందులో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ కింద తగ్గిస్తారు, వేరే ఆదాయం లేకపోతే పన్ను పడదు. మేనేజర్‌కు ఇచ్చినదానికి విడిగా మినహాయింపు ఉండదు.

ఇక ఆ ఊరాయన. పై పోర్షన్ ఖాళీగా ఉంటే నెలకు 8,000 పోతోంది. కాబట్టి మోటారు బాగయ్యాక మంచి కుటుంబాన్ని తెచ్చిపెట్టమని ఆయన్నే అడగండి, సగం నెల కిరాయి 4,000 ఇవ్వండి. మెడికల్ కాలేజీ, యూనివర్సిటీ సిబ్బందిలో ఇళ్లు వెతికేవాళ్లు ఆయనకు తెలిసే ఉంటారు. నెలనెలా 10 శాతం మాత్రం ఇంటి ఖాతా నిండేదాకా వద్దు. అప్పటిదాకా పని ఉన్నప్పుడు పిలిచి, వచ్చినందుకు ఇంత అని ఇవ్వండి. ఆ ఖాతా నిండాక నెలజీతంగా పెట్టుకుంటానంటే నేను కాదనను. ప్రతి రిపేరుకూ పుణె నుంచి వచ్చిపోయే ఖర్చు, సెలవులు లెక్కేస్తే 1,700 ఎక్కువేం కాదు.

జీపీఏ మాత్రం ఇప్పుడే కాదు, ఎప్పుడూ ఇవ్వకండి. అందులో ఇల్లు విక్రయించే అధికారం కూడా రాసి ఉంటే అమ్మగారి ఇంటి మీద మీకు నిద్ర ఉండదు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం అమ్మగారే పెట్టాలి, కిరాయి నేరుగా అమ్మగారి ఖాతాలోనే పడాలి. ఆయన చేతికి ఇవ్వాల్సింది ఇంటి తాళం, ప్లంబర్ నంబరు. అంతే.